కంచె మీది పండు



ఉద్యోగ విరమణకు కొన్నేళ్ళ ముందటి మాట. ఉపాధ్యాయుల గదిలో మా ఇంగ్లీషు మాస్టారు పాఠ్యపుస్తకం ముందు పెట్టుకొని, "పండిట్ గారూ, బ్లాక్‌బెర్రీని తెలుగులో ఏమంటారండీ?" అని అడిగారు. నేను జవాబు చెప్పేలోపే పక్కనున్న ఒకరు "నేరేడుపండు" అన్నారు. మరొకరు "కంబళిపండు కాదుటండీ?" అన్నారు. రెండూ కావు. నేరేడు మహావృక్షం. కంబళి పట్టుపురుగులు తినే ఆకు చెట్టు. బ్లాక్‌బెర్రీ అయితే ఇంగ్లండులో కంచెలమీద, దారుల వెంట అల్లుకొనే ముళ్ళతీగకు కాసే పండు. ఆ రోజు "దీనికి మనలో పేరు లేదండీ, ఉన్నమాటే వ్రాసుకోండి" అని చెప్పి తప్పించుకున్నాను. పేరు లేకపోవచ్చును గాని ఆ పండు బతికిన బతుకు వంటి బతుకు మన పండు ఒకటి బతికింది కదా అని తరువాత చాలాకాలం ఆలోచిస్తూ వచ్చాను. ఆ ఆలోచనే ఈ టపా.

విక్టోరియా రాణి 1837 నుండి 1901 వరకు రాజ్యమేలింది. ఆ కాలపు ఇంగ్లండు పల్లెలలో బ్లాక్‌బెర్రీ ఎవరూ నాటని పండు, ఎవరూ కొనని పండు. శరదృతువు రాగానే ఆడవారూ పిల్లలూ బుట్టలు, డబ్బాలు పట్టుకొని కంచెల వెంట బయలుదేరేవారు. ఆ పనికి వారి భాషలో ప్రత్యేకంగా ఒక క్రియాపదమే ఏర్పడింది. పండు పేరునే క్రియగా చేసి "బ్లాక్‌బెర్రీయింగ్‌కు పోవడం" అన్నారు. మనం "రేగుపండ్లకు పోవడం" అన్నట్లే. 1874లో అక్కడి ప్రభుత్వం చక్కెర మీది పన్ను ఎత్తివేసింది. చక్కెర చౌక కావడంతో ఊరకే దొరికే ఈ పండును జామ్‌గా వండి, చలికాలమంతా రొట్టెకు రాసుకొని తినడం కూలి కుటుంబాలకు అందుబాటులోకి వచ్చింది. 1880లో పిల్లలు బడికి రావడం నిర్బంధం చేశారు. అయినా సెప్టెంబరు వచ్చేసరికి పల్లెబడులలో పిల్లలు ఉండేవారు కారు. ఆనాటి ప్రధానోపాధ్యాయుల దినచర్య పుస్తకాలలో "పిల్లలు బ్లాక్‌బెర్రీలకు పోయినందున హాజరు తక్కువ" అనే అర్థం గల నమోదులు ఎన్నో కనిపిస్తాయి. ముప్పైయేళ్ళకు పైగా హాజరుపట్టీ నింపిన నాకు ఆ సంగతి చదివినప్పుడు ఆ అజ్ఞాత ఉపాధ్యాయుల మీద ఎంత ఆత్మీయత కలిగిందో చెప్పలేను.

ఆ పండు వారి నమ్మకాలలోనూ చేరింది. సెప్టెంబరు 29న వచ్చే మైకేల్ పండుగ దాటితే సైతాను ఆ పండ్లమీద ఉమ్మివేస్తాడనీ, ఇక తినరాదనీ పెద్దలు పిల్లలకు చెప్పేవారు. చలి ముదిరాక పండు చప్పబడి బూజు పడుతుంది కనుక ఆ భయంలో కొంత ఆరోగ్యసూత్రం కూడా ఉంది. వారి పలుకుబడిలో "బ్లాక్‌బెర్రీలంత విరివిగా" అంటే మన "కోకొల్లలు" అని అర్థం. షేక్‌స్పియరు నాలుగవ హెన్రీ నాటకంలో ఫాల్‌స్టాఫ్ నోట ఈ ఉపమానం పలికించాడు. మూడువందల ఏళ్ళ తరువాత విక్టోరియా కాలపు వారికి అది నిత్యవ్యవహారంలోని మాట. పండు ఎక్కువగా కాసినచోట ఉపమానం కూడా ఎక్కువకాలం నిలుస్తుందన్నమాట.

ఇక మన పండు సంగతి. అది రేగు.

మిర్యాలగూడ దగ్గరి పల్లెలో పుట్టి, ఆ ఊళ్ళోనూ కోదాడలోనూ సూర్యాపేటలోనూ పనిచేసిన నాకు రేగును పరిచయం చేయవలసిన అవసరం వస్తుందని ఒకనాడు ఎవరైనా చెబితే నవ్వి ఉండేవాణ్ణి. మా వైపు దీనిలో కుటుంబభేదాలు ఉన్నాయి. పెరళ్ళలోనూ బావుల దగ్గరా పెద్ద చెట్టుగా పెరిగి కోలగా, కండగా కాసేది గంగరేగు. బీళ్ళలో మోకాలెత్తున గుబురుగా పెరిగి గుండ్రని చిన్న పండ్లు కాసేది జిట్టరేగు. పొదలమీద తీగవలె ప్రాకి, కొక్కెపు ముళ్ళతో పట్టుకొని, నల్లగా నిగనిగలాడే పండ్లు కాసేది పరికి. పండుకు పనికిరాకపోయినా కట్టెకు పనికివచ్చేది గొట్టి. ఆ ఇంగ్లీషు మాస్టారు ఇప్పుడు అడిగితే రంగునూ రూపునూ బట్టి పరికిని చూపిస్తాను, జీవితాన్ని బట్టి రేగును చూపిస్తాను.

రేగుకొమ్మను దగ్గరగా చూసినవారికి తెలుస్తుంది, దాని ముళ్ళు జంటలుగా ఉంటాయి. ఒకటి నిటారుగా ఉంటే రెండవది కొక్కెంలా వెనుకకు వంగి ఉంటుంది. చేయి పెట్టేటప్పుడు మొదటిది గుచ్చుతుంది, తీసుకొనేటప్పుడు రెండవది పట్టుకుంటుంది. అందుకే రైతు దానిని కొట్టి చేనుచుట్టూ కంచె వేసేవాడు. పశువు జొరబడదు, దొంగ జొరబడడు. "కంచే చేను మేసినట్లు" అన్నప్పుడు మా అవ్వ కళ్ళముందు కదిలినది ఈ రేగుకంప కంచెయే. ఇనుపతీగ కంచె చేను మేయడమన్నది ఊహకైనా అందదు. ముళ్ళపొద మాత్రం చిగిర్చి చేనులోకి ప్రాకుతుంది, నిజంగానే మేస్తుంది. ఆ సామెత పుట్టడానికి ఇదే కారణమని నేను అనను గాని, చూసినవారికి ఆ సామెత మరింత బాగా అర్థమయ్యేదని మాత్రం అంటాను.

సంస్కృతంలో రేగు బదరి. అమరసింహుడు వనౌషధివర్గంలో చెట్టుకు కర్కంధువు, బదరి, కోలి అని పేర్లు చెప్పి, పండుకు కోలము, కువలము, ఫేనిలము, సౌవీరము, బదరము అని వరుసపెట్టాడు. ఒక అడవిపండుకు ఇన్ని పేర్లు ఎందుకు? నిత్యం చేతిలో ఉన్నదానికే మనిషి ఇన్ని పేర్లు పెట్టుకుంటాడు. ఆయుర్వేదంలో కోలమంటే ఒక తూనిక. రెండు శాణములు ఒక కోలము, రెండు కోలములు ఒక కర్షము. రాయీ త్రాసూ లేని ఇంట కూడా రేగుపండు ఉంటుంది కనుక వైద్యుడు "రేగుపండంత" అంటే రోగికి తెలిసిపోయేది. ఒక విషయం సంపూర్ణంగా తెలిసిందనడానికి మనం "కరతలామలకం" అంటాము. సుబంధుడు వాసవదత్తలో కవుల చూపుకు లోకమంతా చేతిలోని బదరం వలె కనబడుతుందన్నాడు. ఉసిరిక ఉపమానం వాడుకలో నిలిచింది, రేగు ఉపమానం పుస్తకంలో మిగిలింది.

బాదరాయణ సంబంధం సంగతి మీకందరికీ తెలిసినదే. అయినా కథ మరొకసారి చెప్పుకుందాము. ఒక బాటసారి బండి తోలుకొనివచ్చి ఎవరింటనో దిగాడు. భార్య తరఫు బంధువని భర్తా, భర్త తరఫు బంధువని భార్యా అనుకొని మర్యాదలు చేశారు. చివరికి సందేహం వచ్చి అడిగితే, "మా బండిచక్రం రేగుకర్రది, మీ వాకిట్లో రేగుచెట్టు ఉంది, అదే మన సంబంధం" అన్నాడట. మనం దీనిని లేని చుట్టరికానికి ఎగతాళిగా వాడుతాము. నాకిప్పుడు ఆ బాటసారి మాటలో ఎగతాళి కనిపించడం లేదు. ఇంటింటా రేగు ఉండిన కాలం కనుకనే అతడు ఆ మాట అనగలిగాడు, విన్నవారు నవ్వి ఊరుకోగలిగారు.

శబరి ఎంగిలి చేసి పెట్టినవి రేగుపండ్లేనని మనవారు చెప్పుకుంటారు. వాల్మీకంలో ఎంగిలి ప్రసక్తి లేదు. పంపాతీరాన సేకరించిన అడవిపంటను సమర్పించడమే ఉంది. తరువాత భక్తులు ఎంగిలిని చేర్చారు. చేర్చినవారు రేగునే ఎందుకు ఎంచుకున్నారు? పొదలో చేయి పెట్టినవారు చెప్పగలరు. ఒకే కొమ్మకు కాసిన నాలుగు పండ్లలో ఒకటి తీపి, ఒకటి పులుపు, ఒకటి వగరు, ఒకటి పుచ్చు. పైకి నాలుగూ ఒకే రంగు. కొరికి చూడక తప్పదు. ఆ కథను కల్పించిన అజ్ఞాతకవికి రేగుపొద అనుభవం ఉన్నదని నా నమ్మకం. నేరేడుపండయితే ఆ కథ అంతగా అతకదు.

మాఘంలో రథసప్తమినాడు జిల్లేడాకులతో పాటు రేగుపండు తలమీద పెట్టుకొని స్నానం చేస్తాము. భోగినాడు చిల్లరనాణేలు, చెరకుముక్కలు, పూలరెక్కలు కలిపి రేగుపండ్లు పసిపిల్లల తలమీద పోస్తాము. మా వైపు ముగ్గులో పెట్టిన గొబ్బెమ్మల మీద కూడా రేగుపండ్లు ఉంచుతారు. మిగిలిన పండ్లను ఉప్పు, బెల్లం, ఎండుమిరపకాయలు వేసి రోట్లో దంచి, బిళ్ళలు చేసి ఎండబెట్టుకొనేవారు. సూర్యాపేట పక్కన దురాజుపల్లి పెద్దగట్టుమీద రెండేళ్ళకొకసారి మాఘమాసంలో లింగమంతుల జాతర జరుగుతుంది. చిన్నప్పుడు ఆ జాతరనుండి తిరిగివచ్చేటప్పుడు మా నాయన సోలెడు రేగుపండ్లు కొని నా అంగీ జేబుల్లో నింపడం ఇప్పటికీ కళ్ళకు కట్టినట్లుంటుంది. ఇల్లు చేరేసరికి గింజలే మిగిలేవి.

ఇంగ్లండు కథకూ మన కథకూ అసలైన పోలిక మరొకటి ఉంది. పద్దెనిమిది, పందొమ్మిదవ శతాబ్దులలో అక్కడి పార్లమెంటు చట్టాలు చేసి, ఊరుమ్మడి భూములను వ్యక్తుల పరం చేసింది. ఆ భూములచుట్టూ ముళ్ళకంచెలు పెంచారు. పేదవాని ఆవు మేసే బీడు పోయింది. పేదవానిని బయట ఉంచడానికి పెంచిన ఆ కంచెల మీదనే బ్లాక్‌బెర్రీ అల్లుకొని వాని పిల్లలకు పండు ఇచ్చింది. ఇక్కడా అంతే. చేను దొరది, కంచె దొరది. కంచె బయటివైపు కాసిన రేగుపండు మాత్రం దారినపోయే పిల్లవాడిది. వెట్టిచాకిరీ నడిచిన కాలంలోనూ ఈ పండును ఎవరూ లెక్క కట్టలేదని మా పెద్దలు చెప్పేవారు. ఇంగ్లండులో ఈ మర్యాదను చట్టంలో కూడా వ్రాసుకున్నారు. 1968 నాటి దొంగతనాల చట్టం ప్రకారం అడవిగా కాసిన పండును అమ్మకానికి కాక తినడానికి కోసుకొంటే అది దొంగతనం కాదు. మనకు వ్రాతలో లేదు, వాడుకలో ఉండేది.

ఇప్పుడు ఆ వాడుక చెల్లడానికి చెట్టు లేదు.

1955 డిసెంబరు 10న నెహ్రూ గారు నాగార్జునసాగరుకు శంకుస్థాపన చేశారు. 1967లో ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు. ఎడమకాలువ నీరు మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాలను తడిపింది. జొన్నా ఆముదమూ పండిన చేలు వరిమళ్ళయ్యాయి. ఎకరమైనా వదలకుండా చదును చేశారు, గట్లు సన్నబడ్డాయి, కంప పోయింది. దీనిని నేను తప్పుపట్టను. జొన్నసంకటి కూడా రెండు పూటలా లేని ఇళ్ళను చూసినవాణ్ణి. రేగుపండ్లను సరదాగా తిన్నవారికంటే ఆకలికి తిన్నవారే ఎక్కువ. మిర్యాలగూడ చుట్టూ లేచిన బియ్యంమిల్లులను చూసి, "అయ్యో, రేగుపొద పోయెనే" అని ఏడ్చేవాడు ఆ ఆకలి తెలియనివాడే అయి ఉండాలి.

అయితే నీరు రాని మెట్టలలో కూడా రేగు ఎందుకు మిగలలేదు? అక్కడ సర్కారు తుమ్మ వచ్చి కూర్చున్నది. విక్టోరియా రాణి కాలంలోనే, 1870ల చివర, పరదేశం నుండి విత్తనం తెచ్చి మన దేశంలో నాటిన చెట్టు అది. దానికీ ముల్లుంది. పిల్లవాడి నోట వేసుకొనే పండు మాత్రం లేదు. హైదరాబాదు–విజయవాడ రహదారి వెంట సూర్యాపేటనుండి కోదాడ దాకా భూములు ప్లాట్లయ్యాయి. సిమెంటు స్తంభాలూ ఇనుపతీగలూ వచ్చాయి. అదే రహదారి పక్కన బండ్లమీద పచ్చగా, నున్నగా, చిన్న ఆపిలంత ఉండే కాయలు అమ్ముతున్నారు. అదీ రేగుజాతిదే. దానిని మనవారు "ఆపిల్ బేర్" అంటున్నారు. ఒకమాట ఇంగ్లీషు, ఒకమాట హిందీ, తెలుగుమాటకు చోటు లేదు.

ఇక నా తప్పు చెప్పుకోవాలి.

నేను చివరిగా పనిచేసిన బడి ఆవరణలో నీళ్ళతొట్టి వెనుక పెద్ద రేగుపొద ఉండేది. పుష్యమాసంలో పిల్లలు విరామపు గంట కొట్టగానే దానిచుట్టూ చేరేవారు. ఒకరోజు ఒక చిన్నపిల్లకు కంటిపక్కన ముల్లు గీసుకుంది. గాయం చిన్నదే, కన్ను దక్కింది. తల్లిదండ్రులు వచ్చి కోప్పడ్డారు, వారి కోపం న్యాయమే. అప్పుడు బడి బాధ్యత నా మీద ఉండెను. నేను పొదను వేళ్ళతో పెళ్ళగింపజేసి, ఆ చోట ఇనుపతీగ వేయించాను. కొమ్మలు కత్తిరించి ఊరుకొంటే సరిపోయేది. ఆ ఆలోచన నాకు తట్టలేదు.

నాలుగైదేళ్ళు గడిచాయి. తొమ్మిదవ తరగతిలో ఏదో సందర్భంలో బాదరాయణ సంబంధం వచ్చింది. కథ చెప్పాను. ఒక్కరూ నవ్వలేదు. "బదరి అంటే ఏమిటి?" అని అడిగాను. మౌనం. "రేగుచెట్టురా" అన్నాను. వెనుక బెంచీనుండి ఒక పిల్లవాడు లేచి, "రేగు అంటే ఆపిల్ బేరే గద సార్?" అన్నాడు. "చెట్టు చూసినావురా?" అంటే, "లేదు సార్, బండి మీద చూసిన" అన్నాడు. వాడు నిలబడిన కిటికీలోంచి నేను వేయించిన ఇనుపతీగ కనబడుతూనే ఉంది. ముప్పైయేళ్ళు తెలుగు చెప్పినవాణ్ణి, ఒక తెలుగుమాటకు అర్థాన్ని వేళ్ళతో పెళ్ళగించినవాణ్ణి నేనేనని ఆ రోజు గ్రహించాను.

బ్లాక్‌బెర్రీకి దాని సొంతగడ్డ మీదనే ఇటువంటి గతి పట్టబోయింది. 2007లో ఆక్స్‌ఫర్డువారు చిన్నపిల్లల నిఘంటువు కొత్త కూర్పు వేసినప్పుడు అడవికీ పొలానికీ చెందిన పదాలు అనేకం తొలగించారు. వాటిలో బ్లాక్‌బెర్రీ ఒకటి. చేర్చిన కొత్తమాటలలో "బ్లాగు" ఒకటి! మనం మురిసిపోవలసిన విషయమే గాని, నాకు మాత్రం ముల్లు గుచ్చుకున్నట్లయింది. 2015లో మార్గరెట్ అట్వుడ్ మొదలైన రచయితలు 28 మంది ఈ తొలగింపులకు అభ్యంతరం చెబుతూ లేఖ వ్రాశారు. ఆ పండు పేరు పెట్టుకొని 1999లో బయలుదేరిన చేతియంత్రం లోకమంతా ఊగించి, 2022 జనవరి 4తో పాత యంత్రాలకు సేవలు ముగించుకున్నది. ఇంగ్లండు కంచెలమీద పండు మాత్రం యథాప్రకారం కాస్తూనే ఉంది. నిఘంటువులో మాట పోయినా వారికి చెట్టు మిగిలింది. మాటను మళ్ళీ తెచ్చుకోవచ్చు. మనకు శబ్దరత్నాకరంలో మాట భద్రంగా ఉంది, పిల్లవాడికి చూపించడానికి పొద లేదు. రెండింటిలో ఏది ఎక్కువ నష్టమో మీరే ఆలోచించండి.

నా అభిప్రాయం ఇది. భాషను కాపాడుదామని సభలలో తీర్మానాలు చేసుకుంటున్నాము. పారిభాషిక పదాలు కల్పించుకుంటున్నాము, మంచిదే. మనలో చాలామందిమి ఆ పనిలో చేయి కలిపినవాళ్ళమే. కాని కొత్తమాటను పుట్టించడంలో చూపిన శ్రద్ధలో పదోవంతు, పాతమాట దేనికి పేరో ఆ వస్తువును నిలబెట్టడంలో చూపలేదు. నేల మీద వస్తువు పోయిన మాటను పండితుడు ఎంత బాగా వివరించినా అది అర్థమే అవుతుంది గాని అనుభవం కాదు. ముల్లు ప్రమాదమని వాదిస్తారు. ప్రమాదమే. బడి ఆవరణలో కాకపోతే చెరువుకట్ట ఉంది, శ్మశానం దారి ఉంది, గుడిమాన్యం అంచు ఉంది, పంచాయతీ బంజరు ఉంది. వాననీరు చాలు, ఎరువు అక్కరలేదు, మేకలు కొరికినా మళ్ళీ చిగురిస్తుంది. ప్రతి ఏడూ వానకాలంలో ప్రభుత్వం మొక్కలు నాటిస్తూనే ఉంది. ఆ వరుసలో ఊరికి నాలుగు రేగుమొక్కలు చేర్చమని అడగడం పెద్ద కోరిక కాదు.

నేను చేసినది చాలా స్వల్పం. నిరుడు పెద్దగట్టు దారిలో ఒక ముసలమ్మ దగ్గర జిట్టరేగు పండ్లు దొరికితే కొని, గింజలు ఎండబెట్టి, తొలకరికి మా ఊరి చెరువుకట్ట మీద పాతిపెట్టాను. ఇరవైకి పైగా పెడితే మూడు మొలిచాయి. ఒకదానిని మేక తిన్నది, రెండున్నాయి. అవి కాసేనాటికి నేను ఉంటానో లేదో చెప్పలేను. కట్టమీద బడికి పోయే పిల్లలున్నారు, అది చాలు.

మీ మీ ఊళ్ళలో రేగును, పరికిని ఏమంటారో, ఎన్ని రకాలు ఎరుగుదురో, దంచి ఎండబెట్టిన బిళ్ళలకు మీ ఇంట ఏమి పేరో వ్రాయండి. వీలైతే ఇంట్లో పెద్దవారిని అడిగి వ్రాయండి. వ్రాసిన తరువాత ఒక గింజ కూడా పాతండి.

స్వస్తి.